ఏడో చేప

శనివారం. దసరా సెలవుల్లో నాలుగో రోజు. ముసురు.

పొద్దున తొమ్మిదింటికి ఎండుచేపల ఆవిడ వచ్చింది. అంతర్వేది పల్లిపాలెం వైపు నుంచి మొదటి బస్సెక్కి మలికిపురంలో దిగి, అక్కడి నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. అమ్మ వీధి అరుగు మీద కూర్చుని తట్ట దింపించింది. ఒక చేపను తీసి వాసన చూసి, రెండు చేతులా పట్టుకుని విరవబోయింది. అది విరగలేదు, వంగింది.

"ఇవి ఎండలేదు కదమ్మా."

"ఎక్కడ ఎండుతాయి మామ్మగారూ! ఇసుకలో పరవడం, చినుకు పడగానే ఎత్తడం, నాలుగు రోజులుగా ఇదే పని. మీరు రెండు ఎండలు చూపించండి, అప్పడాల్లా విరుగుతాయి."

"ఎండ కూడా నేనే చూపించుకునేటట్లయితే ఎండుచేపల ధర ఎందుకివ్వాలి? పచ్చిచేపల ధర చెప్పు."

అరగంట గడిచింది. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు, మోకాళ్లు పట్టు తప్పాయి కానీ బేరంలో పట్టు తప్పలేదు. చివరికి ఆవిడే నవ్వేసి, రెండు దోసిళ్ల రొయ్యపొట్టు కొసరు వేసి వెళ్లింది. నేను చేపల్ని చేటలో పరిచి, ఎండ వస్తే చూద్దామని అరుగు మీదే ఉంచాను.

మనవరాలు అప్పటికే టాబ్లెట్టు ముందు కూర్చుంది. రెండో తరగతి. హైదరాబాదు నుంచి బట్టల సంచీ ఒకటి, ఆ టాబ్లెట్టు ఒకటి తెచ్చుకుంది. అందులో జలకన్య సినిమా, 1989లో డిస్నీ వాళ్లు తీసిన బొమ్మల సినిమా, ఈ నాలుగు రోజుల్లో అయిదోసారి నడుస్తోంది. పదకొండు దాటాక గాలి లేచింది. పక్క తోటలో కొబ్బరిమట్ట ఒకటి తీగల మీద పడి కరెంటు పోయింది. కాసేపటికి టాబ్లెట్టులో ఛార్జీ అయిపోయింది. సరిగ్గా సముద్రపు మంత్రగత్తె రాకాసిలా పెరిగి పెద్దదయ్యే చోట తెర నల్లబడింది.

ఇక ఏడుపు. అయిదుసార్లు చూసినా, తర్వాత ఏమవుతుందో తెలిసినా, చూడకపోతే అది జరగనట్టే.

మిగతాది నేను చెబుతానన్నాను. అక్కడే తప్పు చేశాను. బడిలో తెలుగు చెప్పిన అలవాటు కదా, సినిమా కథ చెప్పి ఊరుకోకుండా అసలు కథ మొదలుపెట్టాను. డెన్మార్కు రచయిత ఆండర్సన్ 1837లో అచ్చు వేయించిన కథ అది. అందులో జలకన్య గొంతు ఇచ్చి కాళ్లు తెచ్చుకుంటుంది, కానీ వేసే ప్రతి అడుగూ కత్తి మీద వేసినట్టే ఉంటుంది. రాజకుమారుడు ఇంకొకరిని పెళ్లి చేసుకుంటాడు. అక్కలు తమ జుట్టు మంత్రగత్తెకు ఇచ్చేసి, బదులుగా ఒక కత్తి తెచ్చి చెల్లెలికిస్తారు, అతన్ని చంపితే మళ్లీ చేపతోక వస్తుందని. ఆమె చంపలేక కత్తిని సముద్రంలోకి విసిరేసి తానూ దూకుతుంది. ఒళ్లంతా నురగైపోతుంది. అక్కడి నుంచి గాలిలో తేలే కన్యల్లో ఒకతె అవుతుంది.

మనవరాలు నా ముఖంలోకి చూసి గట్టిగా అంది: "సినిమాలో అలా లేదు."

రొయ్యపొట్టు చెరుగుతున్న అమ్మ చేట ఆపింది. "గొంతు ఇచ్చేసి కాళ్లు తెచ్చుకుందా? నోరు లేకుండా బేరం ఎలా ఆడుతుంది? ఆ అక్కలైనా ముందే వెంట వెళ్లి ఉండాల్సింది."

ఆండర్సన్ కథ మీద ఇంత సూటి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

కానీ నన్ను పట్టుకున్నది మనవరాలి మాట. అదే మాట నేను కూడా అన్నాను, 1978లో, ఇదే ఇంట్లో, మా నాయనమ్మతో.

మా తాతగారి దగ్గర కాశీ మజిలీ కథలు ఉండేవి. రాజమండ్రిలో మధిర సుబ్బన్న దీక్షితులుగారు పన్నెండు భాగాలుగా రాసినవి. కాశీకి నడిచి వెళ్లే యతి, కథ చెబితేనే వెంట వస్తానని పేచీ పెట్టే పశువుల కాపరి కుర్రాడు, మజిలీకో కథ. తాతగారు పైకి చదివేవారు, నాయనమ్మ వినేది, రాత్రి మాకు చెప్పేటప్పుడు తనకు నచ్చినట్టు చెప్పేది. ఆవిడ కథల్లో ఉజ్జయిని వశిష్ఠ గోదావరికి అవతల, నర్సాపురం పక్కన ఉండేది. సాహసవంతుడైన కుర్రాడు సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి రాకుమారి కోసం వెళ్లేవాడు. మాంత్రికుడూ అదే పంటులో ఒక మూల కంబళి కప్పుకుని కూర్చునేవాడు. ఆ మాంత్రికుడికి నా బుర్రలో ముఖం ఉండేది కాదు. గొంతు మాత్రం ఉండేది, అది మా పెదనాన్నకు కోపం వచ్చినప్పటి గొంతు.

ఆ ఏడాది పక్క ఊరి టూరింగ్ టాకీసుకు పాతాళభైరవి వచ్చింది. 1951 సినిమా, నేను పుట్టక ముందుదే, అయినా డేరా నిండిపోయింది. ఇసుకలో కూర్చుని చూశాను. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి రచన, మూలం కాశీ మజిలీ కథల్లోది, అందులో అల్లావుద్దీన్ దీపం ఛాయలు, ఇవన్నీ చాలా ఏళ్ల తర్వాత తెలిసిన సంగతులు. ఆ రాత్రి తెలిసింది ఒక్కటే: మాంత్రికుడంటే ఎస్.వి. రంగారావు. ఆ గడ్డం, ఆ కనుబొమలు, ఆ నవ్వు. పెదనాన్న గొంతు ఎక్కడికి పోయిందో తెలియదు, మళ్లీ రాలేదు.

మర్నాడు నాయనమ్మ కథ మొదలుపెట్టి కుర్రాడిని పంటు ఎక్కించగానే అన్నాను: "సినిమాలో గోదావరి లేదు నాయనమ్మా."

ఆవిడ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎప్పుడు చెప్పినా ఆ కథలో పంటు రాలేదు. కుర్రాడు నేరుగా ఉజ్జయినిలోనే ఉండేవాడు.

సినిమా వాళ్లు కథను మార్చారని నాకు కోపం లేదు. నాయనమ్మ మార్చలేదా? జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేసిన హిమబిందు (స్నో వైట్) కథలో ఆ పిల్లను చంపించాలనుకున్నది కన్నతల్లే. 1819 కూర్పుకు వచ్చేసరికి ఆమెను సవతితల్లిని చేశారు. సినిమా అనేది పుట్టకముందే పుస్తకం చేసిన పని అది. మార్పులో ఒక్కోసారి మంచి ఆలోచన కూడా కనిపిస్తుంది. 1961 నాటి జగదేకవీరుని కథలో నాయకుడు దేవకన్య చీర దాచేసి ఆమెను దక్కించుకుంటాడు. దేవకన్య స్నానానికి దిగడం, ఒడ్డున బట్టలు పోవడం ఎన్నో దేశాల్లో ఉన్న పాత కథే. 1990లో జగదేకవీరుడు అతిలోకసుందరి వచ్చేసరికి చీర కాస్తా ఉంగరమైంది. అది మానస సరోవరంలో జారిపోతుంది, నాయకుడికి దొరుకుతుంది. దొంగిలించడానికీ దొరకడానికీ మధ్య దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టింది. ఎవరు ఆలోచించారో కానీ, ఒక ఆడదాన్నిగా వారికి నమస్కారం.

ఆ సినిమా విడుదలైన రోజే, మే 9న, తుఫాను తీరం దాటింది. మాకు పెళ్లయిన కొత్త. వాన వెలిశాక మావారూ నేనూ సైకిలు మీద వెళ్లాం. హాల్లో కుర్చీల కింద ఇంకా నీళ్లున్నాయి. శ్రీదేవి స్వర్గం నుంచి దిగుతుంటే నేను చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ ఉంగరం కథ తలచుకుంటే ఇప్పటికీ పాదాలకు చల్లగా తగులుతుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కూడా కరెంటు రాలేదు. అమ్మ మనవరాలిని పక్కన పడుకోబెట్టుకుని ఏడు చేపల కథ ఎత్తుకుంది. అనగనగా ఒక రాజు, రాజుకు ఏడుగురు కొడుకులు, ఏడుగురూ వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒక చేప ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డి అడ్డం వచ్చింది. గడ్డీ గడ్డీ ఎందుకు అడ్డం వచ్చావు? ఆవు మేయలేదు...

పిల్ల కాసేపు విని లేచి కూర్చుంది. "ఇందులో విలన్ ఎవరు తాతమ్మా?"

"విలనెవరూ లేరు."

"ఆవా?"

"ఆవు పాపం, కాపరి మేపితే కదా మేసేది!"

"అయితే కాపరి."

"వాడికి అవ్వ అన్నం పెట్టలేదు."

"అయితే అవ్వే."

"పసివాడు ఏడుస్తుంటే ఎత్తుకోవద్దా? వాడిని చీమ కుట్టింది."

"ఆఁ, చీమ!"

"దాని బంగారు పుట్టలో వేలు పెడితే అది కుట్టదా?"

మనవరాలు చాలాసేపు ఆలోచించింది. నేరం ఇంటింటికీ తిరిగి ఎవరి గుమ్మంలోనూ దిగడం లేదు. నేను కూడా ఆలోచించాను, ఈ కథను సినిమా తీస్తే ఏం చేస్తారా అని. ముందుగా ఏడు చేపలకూ ఏడు పేర్లు పెడతారు. హిమబిందు కథలో గ్రిమ్ సోదరులు ఏడుగురు మరుగుజ్జులకు పేర్లే పెట్టలేదు. 1937లో డిస్నీ వాళ్లు ఏడుగురికీ పేర్లు పెట్టి, ఒకడికి తుమ్ములు, ఒకడికి నిద్ర, ఒకడికి చిరాకు అంటగట్టారు. ఎనభై మూడు నిమిషాలు నడవాలంటే అలాంటివి కావాలి మరి. తర్వాత చీమకు ఒక గతం కల్పిస్తారు. గడ్డిమేటు వెనక ఎవరో ఒక దుర్మార్గుడిని దాస్తారు. చివర్లో ఏడో చేప మీద సూర్యకిరణం, దాని వెనక సంగీతం. బాగానే ఉంటుంది, నేనూ చూస్తాను. కానీ అమ్మ గొంతులో "చేపా చేపా" అనే పిలుపు ప్రతి మెట్టుకూ కొంచెం వేగం పెరుగుతూ వెళ్లి, చీమ దగ్గర వేలితో పిల్ల పొట్ట మీద చటుక్కున గిల్లుతుంది చూడండి, దాన్ని ఏ కెమెరా ఎక్కడ పెట్టి తీస్తుంది?

"మరి చివరికి ఆ చేప ఎండిందా?" అని అడిగింది మనవరాలు.

మా ఇంట్లో మూడు తరాలు ఈ కథ విన్నాం. నేను అడగలేదు, మా అమ్మాయి అడగలేదు. అమ్మ కూడా తడబడింది. "ఎండ వస్తే ఎండుతుంది" అంది.

నాలుగింటికి నిజంగానే కాస్త ఎండ వచ్చింది. మనవరాలు చేటలోంచి పెద్ద చేపల్ని ఏడింటిని ఏరి, విడిగా పాత పళ్లెంలో వరుసగా పేర్చి, నీడ పడకుండా నూతి గట్టు మీద పెట్టింది. గడ్డి అడ్డం రాకుండా చుట్టూ ఉన్న నాలుగు గరిక పోచలు కూడా పీకేసింది. నేను కాఫీ పెట్టుకోవడానికి లోపలికి వచ్చాను. కరెంటు కూడా అప్పుడే వచ్చింది, టాబ్లెట్టు ఛార్జీకి పెట్టమని మనవరాలు అడగనే లేదు.

అయిదింటికి నూతి దగ్గర నుంచి కేక. వెళ్లి చూస్తే పళ్లెంలో ఆరే ఉన్నాయి. గోడ మీద పక్కింటి పిల్లి, మూతి నాకుకుంటూ, మా వైపు తిరిగి కూడా చూడకుండా.

"తాతమ్మా, నీ కథలో పిల్లి లేదు కదా!"

అమ్మ కర్ర ఆనించుకుని గుమ్మంలోకి వచ్చింది. పళ్లెం చూసింది, పిల్లిని చూసింది.

"రాత్రికి ఉంటుంది" అంది.