పిత్తనాళ క్యాన్సర్: టైప్ 4 అన్నారని ఆశ వదిలేయకండి, టైప్ 2 అని ధీమాగానూ ఉండకండి

పిత్తనాళం అంటే కాలేయం నుంచి పిత్తరసాన్ని పేగుకు చేర్చే గొట్టం. దాని క్యాన్సర్ కాలేయం లోపల పుడితే కాలేయంలో ఆ ముక్కను తీసేస్తారు. దిగువ నాళంలో, క్లోమం దగ్గర పుడితే విప్పుల్ ఆపరేషన్ (క్లోమం తల, చిన్నపేగు మొదలు, ఆ నాళం కలిపి తీసేయడం). చిక్కంతా కుడి, ఎడమ నాళాలు కలిసే చోట వచ్చే క్లాట్‌స్కిన్ ట్యూమర్‌తోనే.

దీన్ని బిస్మత్ పద్ధతిలో విభజిస్తారు. కలయికకు కిందే ఉంటే టైప్ 1, కలయికను తాకితే 2, కుడి కొమ్మల్లోకి పాకితే 3ఏ, ఎడమకైతే 3బి, రెండు వైపులా పాకితే 4. అయితే ఈ అంకె పిత్తనాళాల సంగతే చెబుతుంది, రక్తనాళాల గురించి ఏమీ చెప్పదు. కాలేయం కుడి సగానికి రక్తం తెచ్చే కుడి హెపాటిక్ ధమని సాధారణంగా పిత్తనాళం వెనక నుంచే పోతుంది. అందుకే ఎడమ వైపు గడ్డ కూడా దాన్ని పట్టేసి, మిగలాల్సిన కుడి కాలేయానికి రక్తం లేకుండా చేయగలదు.

సీటీలో నేను ముందుగా చూడమనేది కుంచించుకుపోయిన లోబ్ (కాలేయంలో ఒక వైపు భాగం). ఉబ్బిన నాళాలు అందులో ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి. ఎడమ లోబ్ అలా ఎండిపోయి, కుడి పోర్టల్ సిర (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర) కొమ్మను గడ్డ చుట్టేసిందంటే కోతకు దారి దాదాపు మూసుకున్నట్టే. కాలేయంలో వేరేచోట్ల, పొట్ట పొరపై, బృహద్ధమని పక్క గ్రంథుల్లో వ్యాధి కనిపించినా అంతే.

ఈ సీటీ, ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్ఐ స్కాన్) రెండూ స్టెంట్ (మూసుకున్న నాళాన్ని తెరిచి ఉంచే గొట్టం) వేయకముందే కావాలి. వేశాక నాళాలు ముడుచుకుంటాయి, గోడ వాచి గడ్డలాగే కనిపిస్తుంది, హద్దు తెలియదు. కామెర్లు చూసి కంగారుగా ఈఆర్‌సీపీకి (నోటి గుండా ఎండోస్కోప్ పంపి స్టెంట్ వేయడం) పరుగెత్తితే జరిగే నష్టం ఇదే. పైగా సగం ఖాళీ అయిన నాళాల్లో ఇన్ఫెక్షన్ పడితే ఆపరేషన్ వాయిదా పడుతుంది.

ఆ తర్వాత చూడాల్సింది, ఆపరేషన్ అయ్యాక మిగిలే కాలేయం లెక్క. ఆరోగ్యంగా ఉంటే 25 శాతం చాలు, కామెర్లతో దెబ్బతింటే 40 శాతం దాకా కావాలి. చాలకపోతే తీసేయబోయే వైపు పోర్టల్ సిరను మూసేసి, మిగిలే వైపు పెరిగేందుకు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి మళ్లీ కొలుస్తారు. ఆపరేషన్‌కు ముందు, నిలిచిన పిత్తరసాన్ని ప్రధానంగా మిగిలే వైపు నుంచే బయటికి తీయాలి. కామెర్ల తీవ్రత చెప్పే బిలిరుబిన్ 3 mg/dL కిందికి దిగితే మేలు. ఆపరేషన్‌లో కాలేయం వెనక ఉండే చిన్న కాడేట్ లోబ్‌ను కూడా తీయాలి, దాని నాళాలు ఆ కలయిక దగ్గరే తెరుచుకుంటాయి కనుక.

రక్తంలో క్యాన్సర్ సూచిక సీఏ 19-9 పెరిగినంత మాత్రాన కంగారు వద్దు, కామెర్లతోనూ పెరుగుతుంది. ఐజీజీ4 వ్యాధి (రోగనిరోధక వ్యవస్థ వల్ల నాళాలు వాచే జబ్బు) అచ్చం క్యాన్సర్‌లాగే కనిపించి స్టెరాయిడ్లకు తగ్గుతుంది కాబట్టి ఆ పరీక్ష అడిగి చేయించండి. కోయడానికి వీలుకాని చిన్న గడ్డకు, 3 సెంటీమీటర్ల లోపు ఉంటే, కొన్ని కేంద్రాల్లో కీమో, రేడియేషన్ తర్వాత కాలేయ మార్పిడి చేస్తారు. ఆ దారి తెరిచి ఉన్నంతవరకు పొట్ట మీంచి సూదితో బయాప్సీ చేయనివ్వకండి. సూది దారిలో క్యాన్సర్ కణాలు పొట్టలోకి చెదిరితే మార్పిడికి తీసుకోరు.