రిమూవ్ బటన్ లేని ఎక్స్‌టెన్షన్

మా బావ జిరాక్స్ షాపులోని కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఏం వెతికినా పేరెప్పుడూ వినని సెర్చ్ పేజీకి పోయేది. దానికి తోడు కుడివైపు కింద మూలన ‘మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది’ అంటూ డబ్బాలు. అసలే హాల్‌టికెట్ల సీజన్. ‘ఫార్మాట్ కొట్టించేద్దాం’ అన్నాడు బావ. డీటీపీకి వాడే అను తెలుగు ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు మళ్లీ ఎక్కించే ఓపిక ఎవరికుంది? ఆగమన్నాను.

డబ్బాల సంగతి తేలిగ్గానే తేలింది. అవి వైరస్ కాదు, ఎవరో ఏదో సైట్‌లో ‘అలో’ నొక్కితే వస్తున్న నోటిఫికేషన్లు. సైట్ సెట్టింగ్స్‌లో తెలియని సైట్లన్నిటికీ అనుమతి తీసేస్తే ఆగిపోయాయి.

అసలు తలనొప్పి సెర్చ్‌ని దారి మళ్లిస్తున్న ఎక్స్‌టెన్షన్‌తో, అంటే క్రోమ్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌తో. దానికి రిమూవ్ బటనే లేదు. పైగా మెనూ అడుగున ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని ఉంది. జిరాక్స్ షాపుకి సంస్థేమిటి! పెద్ద ఆఫీసులు ఉద్యోగుల బ్రౌజర్లను అదుపులో పెట్టుకోవడానికి క్రోమ్‌లో ‘పాలసీ’ సౌకర్యం ఉంది. యాడ్‌వేర్, అంటే ప్రకటనలు గుప్పించే దొంగ సాఫ్ట్‌వేర్, దాన్నే వాడుకుంటుంది. అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొట్టి చూశాను. ‘ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్’ (బలవంతంగా ఎక్కించే ఎక్స్‌టెన్షన్ల జాబితా) అనే వరసలో 32 అక్షరాల ఐడీ కనిపించింది. ఎక్స్‌టెన్షన్ల పేజీలో ఐడీలు కనిపించేలా డెవలపర్ మోడ్ ఆన్ చేసి పోల్చాను. దొంగ వాడే.

విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో క్రోమ్ పాలసీ కింద ఆ ఎంట్రీ తీసేశాను, ముందుగా బ్యాకప్ తీసుకునే లెండి. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయగానే మళ్లీ ప్రత్యక్షం! అంటే దాన్ని తెచ్చిపెట్టేది ఇంకేదో ఉంది. విండోస్‌లో పనుల్ని వాటంతటవే నడిపించే టాస్క్ షెడ్యూలర్ తెరిస్తే దొరికింది. లాగిన్ అయినప్పుడల్లా ఓ పవర్‌షెల్ స్క్రిప్ట్ (విండోస్‌కి ఆదేశాలిచ్చే చిన్న ఫైలు) నడుస్తోంది. పీడీఎఫ్‌ని వర్డ్‌లోకి మార్చే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకున్న రోజునే ఆ టాస్క్ పుట్టింది.

ఇక వరస మార్చాను. ముందు ఆ సాఫ్ట్‌వేర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, తర్వాత టాస్క్, స్క్రిప్ట్ ఫైలు, చివరికి రిజిస్ట్రీ ఎంట్రీ తీసేశాను. క్రోమ్ రీసెట్ కొట్టాను. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు పోతాయని బావకి టెన్షన్, కానీ రీసెట్ వాటి జోలికి పోదు. క్రోమ్‌లో ఉండే క్లీనప్ టూల్‌ని 2023లో గూగుల్ తీసేసింది కాబట్టి, ఆఖర్న యాడ్‌వేర్‌ని ఏరేసే యాడ్‌డబ్ల్యూక్లీనర్‌తో ఓసారి స్కాన్ చేయించాను. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు బావ ఫోన్‌లోంచి మార్చాడు.

ఆ కన్వర్టర్ అసలు అక్కర్లేదు. 2013 వెర్షన్ నుంచీ వర్డే పీడీఎఫ్ తెరుస్తుంది. అను ఫాంట్ల పీడీఎఫ్ అయితే ఇలా మారిస్తే సాధారణంగా పిచ్చిరాతలే వస్తాయనుకోండి, అది వేరే గోల.

విండోస్ సెక్యూరిటీలో అక్కర్లేని యాప్‌లను ఆపే ‘పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్’ ఆన్ చేశాను. షాపు కుర్రాళ్లకి అడ్మిన్ హక్కులు లేని మామూలు యూజర్ అకౌంట్ ఇచ్చాం. అడ్మిన్ పాస్‌వర్డ్ బావ దగ్గరే ఉంది. ప్రతిదానికీ తనని పిలుస్తున్నారని ఇప్పుడు విసుక్కుంటున్నాడు.