ఫోన్ నంబరు చేతిలో పెడితే పనైపోదు

విశాఖలో ఆడవాళ్ల మీద జరిగే హింసపై పనిచేసేవాళ్లకు కొదవ లేదు. వాడల్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద పొదుపు సంఘాలున్నాయి, వాటిపైన స్లమ్ సమాఖ్యలున్నాయి. అంగన్‌వాడీ టీచర్లు, ఆశాలు, వార్డు సచివాలయంలో మహిళా పోలీసు, స్వచ్ఛంద సంస్థల కౌన్సెలర్లు, చర్చి మహిళా సమాజాలు, లీగల్ సెల్ వాలంటీర్లు ఉన్నారు. ఆడవాళ్లపై హింసను వ్యతిరేకించే రోజు నవంబర్ 25 వచ్చిందంటే ర్యాలీలకూ లోటుండదు. అయితే ఒకరి దగ్గర నోరు విప్పిన మనిషి రెండోవారి దగ్గరికి చేరేలోపే దారిలో తప్పిపోతోంది. "181కి ఫోన్ చెయ్యమ్మా, ఆడవాళ్ల హెల్ప్‌లైన్ అది" అని చెప్పి పంపేస్తారు. ఆమె చెయ్యదు. ఫోన్ మొగుడి జేబులో ఉంటుంది, లేదా బ్యాలెన్స్ ఉండదు, లేదా అవతలివాళ్లు ఏమడుగుతారోనని భయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో 30 శాతం మంది భర్త చేతిలో శారీరక హింసో లైంగిక హింసో అనుభవించారు. దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్లలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. వాళ్లలోనూ ఎక్కువమంది అడిగింది పుట్టింటివాళ్లనే. అలాంటప్పుడు సంఘం గడప దాకా వచ్చిన ఒక్క మనిషిని జారవిడుచుకోవడం చిన్న విషయమేమీ కాదు.

ఇలా జారిపోకుండా ఉండాలంటే వీళ్లందరిలోంచి ఒక బృందం వేసుకోవాలి. దాన్ని నగరమంతటికీ కలిపి వేస్తే అది వేదికల మీదే మిగులుతుంది. ఒక వార్డు సచివాలయం, మహా అయితే రెండు, అంతవరకే పరిధి పెట్టుకోవాలి. పది పన్నెండు మంది చాలు. అందులో ఒకరికి మాత్రం "కేసు మనిషి" బాధ్యత ఇవ్వాలి. ఎవరి దగ్గరికి మొదట వచ్చినా, సంగతి ఈమెకే చేరాలి, ఆఖరుదాకా ఈమే వెంట ఉండాలి. జరిగింది అయిదుగురి ముందు అయిదుసార్లు చెప్పుకోవలసి వస్తే మూడోసారికే చాలామంది మానేస్తారు. వార్డు నాయకుడి భార్యను కేసు మనిషిగా పెట్టకండి. ఆవిడ ఎంత మంచిదైనా, కొట్టినవాడు సాయంత్రానికి ఆ ఇంటి అరుగు మీదే కూర్చుంటాడు.

రాసుకునేది ఒకే కాగితం. పేరు రాయకూడదు, నంబరు వెయ్యాలి. పేరూ నంబరూ కలిపిన పుస్తకం వేరే చోట తాళంలో ఉండాలి. కాగితం మీద ముందు రాయాల్సింది గొడవ వివరం కాదు. ఏ టైములో ఫోన్ చెయ్యొచ్చు, ఫోన్ ఎవరెత్తుతారు, వేరేవాళ్లు ఎత్తితే ఏమని చెప్పాలి (పొదుపు వాయిదా గురించనో, అంగన్‌వాడీ పిండి గురించనో), ఇప్పుడు ఆమెకు కావలసిందేమిటి. ఈ చివరి ప్రశ్నే ఎవరూ అడగరు. కేసు కావాలా, కొన్నాళ్లు దూరంగా ఉండటం కావాలా, దెబ్బలు ఆగితే చాలా, పిల్లల ఫీజుకి డబ్బు కావాలా అన్నదాన్ని బట్టి వెళ్లాల్సిన చోటు మారిపోతుంది.

తర్వాత ప్రమాదం ఎంతుందో చూడాలి. గొంతు నులిమాడా? చంపుతానని బెదిరించాడా, కత్తో కిరోసినో పెట్రోలో చేత్తో పట్టుకున్నాడా? దెబ్బలు ఈమధ్య ఎక్కువయ్యాయా? ఆమె కడుపుతో ఉందా? ఇల్లు వదిలి వెళ్తానని ఈమధ్యే అందా? ప్రమాదం ఎక్కువని అనుకోవడానికి గొంతు నులమడం ఒక్కటి చాలు, మిగతావి లేకపోయినా. పైకి గుర్తు కనిపించకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు, గొంతు మారినా మింగడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. "మా ఆయన మంచోడేనమ్మా, తాగితేనే అలగ" అన్న మాట విని ఈ ప్రశ్నలు వదిలేయకూడదు. ప్రమాదం ఎక్కువగా ఉంటే ముందు 112 (పోలీసు అత్యవసర నంబరు), తర్వాతే మిగతావన్నీ.

ఆసుపత్రి దగ్గర జరిగే తప్పు ఒకటుంది, దాని ఫలితం ఏడాది తర్వాత కోర్టులో బయటపడుతుంది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాల్టీలో డాక్టరు "ఏమైందమ్మా" అనడగ్గానే, పక్కన అత్తగారు నిలబడి ఉండటంతో ఆమె "బాత్రూంలో జారిపడ్డాను" అంటుంది. పోలీసు కేసయ్యే దెబ్బలు రాసే మెడికో లీగల్ రిజిస్టర్లో అదే ఎక్కుతుంది. రేపు అవతలి లాయరు ముందుగా చూపించేది ఆ పేజీనే. అందుకే వెంట వెళ్లిన మనిషి చేయాల్సిన మొదటి పని బంధువుల్ని కాసేపు బయటికి పంపించమని సిస్టర్‌ని అడగడం. లైంగిక దాడి అయితే స్నానం చేయకుండా, బట్టలు ఉతక్కుండా తీసుకెళ్లాలి. ఆ బట్టలు కాగితం సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్ కవర్లో తేమకి పాడవుతాయి. ఒంటి మీద నుంచి దూదిపుల్లతో తీసే స్వాబ్ నమూనాలు 96 గంటలలోపే పనికొస్తాయి, హెచ్‌ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటలలోపు మొదలుపెట్టాలి. పోలీసు కాగితం లేదని వైద్యం ఆపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు, ప్రైవేటుదైనా సరే.

పోలీసు స్టేషన్‌కి ఫిర్యాదు రెండు ప్రతులు పట్టుకెళ్లాలి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, ముద్ర తీసుకోవాలి. "చాలా ఏళ్లుగా వేధిస్తున్నాడు" అని రాస్తే దానికి బలం ఉండదు. చివరగా జరిగినదాన్ని తేదీ, టైము, ఎక్కడ, దేంతో, ఎవరు చూశారు అని రాసి, పాతవాటిలో గుర్తున్నవి రెండు మూడు కలపాలి. సంఘటన జరిగిన చోటు తమ పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా రాసుకునే కేసు) అడగాలి. 2022లో జిల్లా మూడుగా విడిపోయాక ఈ పరిధి తగాదా పెరిగింది. అత్తవారిది అచ్యుతాపురం, పుట్టిల్లు ఆరిలోవ అయితే అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు పొమ్మంటారు. గృహహింస చట్టం కింద ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేటు దగ్గరే పిటిషన్ వేసుకోవచ్చు. భర్త క్రూరత్వం మీద క్రిమినల్ కేసు కూడా ఆమె తలదాచుకున్న చోట పెట్టుకోవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు మాటలూ వెంట వెళ్లే మనిషికి నోటికి రావాలి. మరొకటి, భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద పాత శిక్షాస్మృతిలో ఉన్న 498ఏ బదులు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. ఇలాంటి కేసుల్లో ఏసీపీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయొచ్చు. ఆ పద్నాలుగు రోజులూ రాజీ కోసం ఇంటి మీదికి మనుషులొస్తారు. కేసు మనిషి రోజూ పలకరించాల్సింది అప్పుడే.

రాజీ గురించి గట్టిగానే చెప్పాలి. భార్యాభర్తలిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేసే పంచాయితీలో ఆమె నిజం చెప్పదు. చెబితే ఇంటికెళ్లాక దానికి దెబ్బలు తినాలి. సమాఖ్య లీడర్లకి కాపురం నిలబెట్టామన్న పేరు ఇష్టం, గ్రూపు లోను వాయిదా ఆగకూడదన్న ఆదుర్దా కూడా ఉంటుంది. ఆ ఆదుర్దాని తప్పుపట్టలేం గానీ, వాయిదా సంగతి చూసేవాళ్లూ కేసు సంగతి చూసేవాళ్లూ వేరుగా ఉండాలి. పదిహేడేళ్ల పిల్ల మీద లైంగిక దాడి విషయమైతే అసలు రాజీ అన్న మాటే లేదు. పోక్సో (పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద, సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే వాళ్ల మీదే కేసు. కాబట్టి పిల్ల మాట మొదలుపెట్టకముందే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి.

ఆమెను ఇంకొకరికి అప్పగించడమంటే నంబరు రాసివ్వడం కాదని మొదట్లో ఊరికే అనలేదు. ఆమె పక్కన ఉండగానే కేసు మనిషి తన ఫోన్ నుంచి మాట్లాడాలి, అవతలివాళ్ల పేరు, రమ్మన్న టైము రాసుకోవాలి, ఆటోలో వెంట వెళ్లాలి. రెండు రోజుల్లో అవతలివాళ్లకి ఫోన్ చేసి వచ్చిందా లేదా కనుక్కోవాలి. ఆటోలకీ జెరాక్సులకీ పాలప్యాకెట్లకీ చేతిలో కొద్దిగా డబ్బుండాలి. ఏ ప్రాజెక్టు బడ్జెట్లోనూ ఇది కనబడదు, కానీ శనివారం రాత్రి పనులు ఆగేది ఇక్కడే. వాట్సాప్ గ్రూపులో కేసు సంగతులు పెట్టకూడదు. ఫొటోలైతే దాతలకి పంపే నివేదికలో కూడా వద్దు. లైంగిక నేరంలో బాధితురాలి గుర్తింపు బయటపెడితే రెండేళ్ల వరకు జైలు.

హింసకు గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో ఉండనిచ్చేది మామూలుగా అయిదు రోజులు. ఆరో రోజు ఎక్కడన్నది మొదటి రోజే మాట్లాడుకోవాలి: పుట్టిల్లా, శక్తి సదనా (ఆడవాళ్ల ప్రభుత్వ ఆశ్రయం), పని దొరికే చోట అద్దె గదా. ఉచిత లాయరు కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకి (15100) ఆదాయం సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆడవాళ్లయితే చాలు. మధ్యంతర ఉత్తర్వు కావాలని గృహహింస చట్టం పిటిషన్‌తో పాటు అఫిడవిట్ వెయ్యడం చాలామంది మర్చిపోతారు. అరవై రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా వాయిదాలు నడుస్తూనే ఉంటాయి కాబట్టి, ఈలోపు ఇంట్లో ఉండనిచ్చేదీ ఖర్చులకి డబ్బు ఇప్పించేదీ ఆ మధ్యంతర ఉత్తర్వే.

మీటింగు టైము కూడా చూసుకోవాలి. జాలరిపేట ఆడవాళ్లు తెల్లవారకముందే హార్బర్లో వేలం దగ్గరుంటారు, పదకొండింటికి పెట్టిన మీటింగుకి ఎలా వస్తారు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ మగవాళ్లు ఇంటిపట్టునే ఉంటారు. మార్చిలోనే ఆ వాడలన్నీ ఒకసారి తిరగడం మంచిది. ఆటోనగర్ వైపు ఒడిశా నుంచి వచ్చిన కూలీ కుటుంబాలకైతే ఒరియా వచ్చిన మనిషి బృందంలో లేకపోతే ఇదంతా దండగే.

గృహహింస చట్టం కింద కోర్టు ఉత్తర్వు వచ్చాక ఫైలు మూసేయొద్దు. దాని ప్రతులు ఆమెకీ, ఆ ఏరియా స్టేషన్‌కీ, ఆ కోర్టు పరిధిలోని నమోదైన సేవా సంస్థకీ కోర్టు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌కి చేరిందో లేదో వెళ్లి చూసుకోవాలి. అందులోని రక్షణ ఉత్తర్వును అతను మీరితే ఏడాది వరకు జైలు, లేదా ఇరవై వేల వరకు జరిమానా, లేదా రెండూ; అది బెయిల్ హక్కుగా రాని నేరం. అయితే రాత్రి పదకొండింటికి డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కి ఆ ఉత్తర్వు ఉందని తెలియాలిగా. అందుకే ఇంకో ప్రతి కేసు మనిషి దగ్గర, ఫోన్లో ఫొటోగా కూడా ఉండాలి.