యుగాండా వైద్య పరిచర్యకు విశాఖ నుంచి: ఒక ఫార్మసిస్టు అనుభవం

యుగాండాలోని ఒక చర్చి ఆసుపత్రికి స్వల్పకాల వైద్య పరిచర్య కోసం ఒక బృందాన్ని పంపాలని మా సంఘం నిర్ణయించినప్పుడు డాక్టర్లు, నర్సులు వెంటనే పేర్లు ఇచ్చారు గాని, ఫార్మసిస్టు కూడా కావాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేస్తున్న నేను, తీసుకెళ్లే మందులకు లెక్క ఎవరు చెబుతారని అడిగిన తర్వాతే నా పేరు జాబితాలోకి ఎక్కింది. ఇలాంటి ప్రయాణం తలపెట్టేవారు సాధారణంగా టికెట్ల గురించి, ఖర్చు గురించి అడుగుతారు. ఎవరి ఖర్చు వారే పెట్టుకున్నాం, ముంబయి మీదుగా యుగాండా విమానాశ్రయమున్న ఎంటెబ్బే చేరుకున్నాం. ఆ విషయంలో ఇంతకు మించి చెప్పవలసింది లేదు. అసలు శ్రమంతా అనుమతుల దగ్గర, మందుల దగ్గర ఉంది.

బయలుదేరే ముందు ఆరాధనలో మమ్మల్ని ‘మిషనరీలు’ అని పరిచయం చేశారు. ఆ మాట నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో విశాఖకు వచ్చి ఇక్కడే ఉండి తెలుగు నేర్చుకున్నారు. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1930లో అక్కడే కన్నుమూశారు. యుగాండాలో కూడా డాక్టర్ ఆల్బర్ట్ కుక్ 1897లో మెంగో ఆసుపత్రిని ప్రారంభించి, ఆ దేశంలోనే జీవితం గడిపారు. సెలవు దొరికినన్ని రోజులు వెళ్లివచ్చే మనం ఆ వరుసలో నిలబడలేము. ఎప్పుడూ అక్కడే ఉండి పనిచేసేవారికి కొద్దిరోజులు చేతి సాయం అందించేవాళ్లం మాత్రమే అనుకుంటే, ఏ పని మనది, ఏది కాదు అన్నది సులభంగా తేలుతుంది.

ఆతిథ్యమిచ్చే ఆసుపత్రి మా నుంచి మొదట కోరినవి కాగితాలే. డిగ్రీ పత్రాలు, రిజిస్ట్రేషన్ పత్రాలు, వృత్తిలో మన మీద ఏ మచ్చా లేదని మన రాష్ట్ర కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్, ఇవన్నీ ముందుగా పంపితే, డాక్టర్లకు అక్కడి వైద్య మండలి నుంచి, నర్సులకు నర్సుల మండలి నుంచి తాత్కాలిక అనుమతి తీసుకోవాలని వారు రాశారు. టూరిస్టు వీసా మీద వచ్చి రోగులను చూస్తామంటే ఒప్పుకోబోమని కూడా స్పష్టంగా చెప్పారు. సేవకు వెళ్తుంటే ఇన్ని ఆంక్షలేమిటని మా బృందంలో ఒకరిద్దరు విసుక్కున్నారు. ఏదో దేశం నుంచి వచ్చిన అపరిచితులు విశాఖలోని మన ప్రభుత్వాసుపత్రి కె.జి.హెచ్.లో రిజిస్ట్రేషన్ లేకుండా మందులు రాస్తే మనం ఊరుకుంటామా అని నేను అడిగాను. ఆ తర్వాత ఆ చర్చ సాగలేదు.

ఎల్లో ఫీవర్ టీకా విషయంలో ఆలస్యం చేయకూడదు. యుగాండా ప్రవేశానికి ఆ సర్టిఫికెట్ తప్పనిసరి, టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుబాటులోకి వస్తుంది. విశాఖలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ వారు ఈ టీకా వేస్తారు. టీకా పొడిని ద్రావకంతో ఒకసారి కలిపాక ఆ సీసాను కొద్ది గంటల్లోనే వాడేయాలి కనుక ముందుగా పేరు నమోదు చేసుకుని వెళ్లడం మంచిది. ఇది బలహీనపరిచిన సజీవ వైరస్‌తో తయారైన టీకా. గుడ్డు తింటే తీవ్రమైన ఎలర్జీ వచ్చేవారికి దీన్ని వేయరు. అరవై దాటినవారు డాక్టరు సలహా లేకుండా వేయించుకోకూడదు. మా సంఘ పెద్ద ఒకరు ఈ కారణంగానే ప్రయాణం మానుకున్నారు. 2016 జులై నుంచి ఈ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతోంది. తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయంలో కూడా దీన్ని అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు; అందువల్ల పాస్‌పోర్టుతో పాటే భద్రపరచుకోవాలి.

ఇక మందుల సంగతి. ప్రయాణం ఖాయమైందని తెలియగానే సంఘ సభ్యులు సంచులతో మందులు తెచ్చి ఇవ్వసాగారు. వాటిలో మెడికల్ రిప్రజెంటేటివులు డాక్టర్లకు ఇచ్చిన శాంపిళ్లున్నాయి, ఇంట్లో వాడగా మిగిలిన స్ట్రిప్పులున్నాయి, మరో మూడు నెలల్లో గడువు ముగిసే సిరప్పులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం దానంగా ఇచ్చే మందు ఆ దేశం చేరేనాటికి దానికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. ఒకసారి రోగులకు ఇచ్చి వెనక్కి తీసుకున్న మందులు, ఉచిత శాంపిళ్లు పంపకూడదు. అక్కడివారు చదవగల భాషలో మందు జెనరిక్ పేరు (కంపెనీ పెట్టిన బ్రాండు పేరు కాక, అసలు మందు పేరు) లేబుల్‌పై ఉండాలి. పైగా యుగాండాలో నేషనల్ డ్రగ్ అథారిటీ అనుమతి లేకుండా మందులు దిగుమతి చేయడానికి వీల్లేదు. “బ్రదర్, ఇంత ప్రేమతో తెచ్చినవి వద్దంటే ఎలా?” అని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. ఆయనకు నేను చెప్పింది ఒక్కటే: “అంకుల్, మీ మనవడికి వేయని మందు అక్కడి పిల్లవాడికీ వేయకూడదు కదా.”

చివరికి మందులేవీ మోసుకెళ్లకూడదని నిర్ణయించుకున్నాం. కంపాలాలో జాయింట్ మెడికల్ స్టోర్ అని ఒక సంస్థ ఉంది. అక్కడి కాథలిక్, ప్రొటెస్టెంట్ వైద్య బ్యూరోలు కలిసి 1979లో దాన్ని స్థాపించాయి, చర్చి ఆసుపత్రులకు మందులు ప్రధానంగా అదే సరఫరా చేస్తుంది. మేము సేకరించిన కానుక సొమ్మును ఆసుపత్రికి అందజేస్తే, తమ జాబితా ప్రకారం తమకు కావలసినవి వారే అక్కడ కొనుక్కున్నారు. తీరా ఆ పెట్టెలు విప్పి చూస్తే చాలా మందుల మీద భారతదేశంలో తయారైనవన్న ముద్ర ఉంది. విశాఖలో సూట్‌కేసులు నింపి ఉంటే, అదనపు లగేజీకి డబ్బు కట్టి మరీ మన దేశపు మందులను అక్కడికి మోసేవాళ్లం.

కంపాలా నుంచి మసాకా వైపు వెళ్లే రోడ్డు భూమధ్యరేఖను దాటుతుంది. మా ఆసుపత్రి ఆ దారిలోనే ఉంది. నాకు అప్పగించిన పని మందుల కౌంటరు. పాడేరు, అరకు ప్రాంతాల నుంచి వచ్చే మలేరియా రోగులను చూసినవాడిని కనుక కొత్తేమీ ఉండదనుకున్నాను గాని, చికిత్సా పద్ధతి వేరు. ఇక్కడ ఫాల్సిపారమ్ అనే ప్రమాదకర రకం మలేరియాకు ఆర్టిసునేట్‌తో పాటు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ ఇవ్వడం నాకు అలవాటు. అక్కడ ఆర్టిమెథర్-ల్యూమెఫాంట్రిన్ ఇస్తారు: పెద్దవారికి పూటకు నాలుగు మాత్రల చొప్పున ఆరు మోతాదులు, మొదటి మోతాదు తర్వాత ఎనిమిది గంటలకు రెండోది, ఆపై రెండు రోజులు ఉదయం, సాయంత్రం. కొవ్వు ఉన్న ఆహారంతో తీసుకుంటేనే ఈ మందు ఒంటికి బాగా పడుతుంది. అక్కడి ఫార్మసీ సిస్టరు ప్రతి తల్లికీ లుగాండా భాషలో ఈ సంగతి చెప్పి, వేరుశనగ పులుసుతో అన్నమో, అరటికాయ ముద్దో తినిపించి మాత్ర వేయమనేవారు. ఆమె పక్కన నిలబడి మాత్రలు లెక్కపెట్టి, కవరు మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసివ్వడమే నా పరిచర్య.

గ్రామాల్లో పెట్టిన శిబిరాల్లో బి.పి., షుగరు రోగులు ఎక్కువగా వచ్చారు. వారికి నెలకు సరిపడా బి.పి. మందు ఆమ్లోడిపిన్ ఇచ్చి మేము విమానం ఎక్కేస్తే రెండో నెల సంగతేమిటి? అందువల్ల ఆసుపత్రి రిజిస్టరులో పేరు, తదుపరి తేదీ రాసిన తర్వాతే దీర్ఘకాలిక మందులు ఇవ్వాలని అక్కడి వైద్యాధికారి నియమం పెట్టారు. దానివల్ల రోజుకు చూసే రోగుల సంఖ్య తగ్గింది, మా డాక్టర్లలో ఒకరికి అది నచ్చలేదు. లూకా సువార్తలోని సమరయుడు గాయాలు కట్టి వెళ్లిపోలేదు, పూటకూళ్లవానికి డబ్బిచ్చి రోగిని అప్పగించి వెళ్లాడని ఆ సాయంత్రం ప్రార్థనలో మా పాస్టరుగారు గుర్తుచేశారు. ఈ ఉపమానం మీద నేను విన్న ప్రసంగాల్లో పూటకూళ్లవాని మీద అంతసేపు ఆగినది మరొకటి లేదు.

ప్రార్థన కోరినవారికి ఆసుపత్రి చాప్లిన్ (అక్కడి పాస్టరు) చేసేవారు, కోరనివారికి మందు అదే వరుసలో అందేది. ఈ రెండింటినీ ముడిపెట్టకపోవడమే సరైనదని నా అభిప్రాయం. జబ్బుతో ఉన్నవారి ఫొటోలు తీయవద్దని ముందే మాట తీసుకున్నాం, కుర్రవాళ్లకు అది కాస్త కష్టమైంది.

నర్సులుగా వెళ్లేవారు, రోగికి వాడిన సూది తమకు గుచ్చుకుంటే ఏం చేయాలో మొదటిరోజే అడిగి తెలుసుకోవాలి. హెచ్.ఐ.వి. నివారణ మందులు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. మలేరియా రాకుండా వేసుకునే డాక్సీసైక్లిన్‌ను తిరిగివచ్చాక కూడా నాలుగు వారాలు కొనసాగించాలి. ఇల్లు చేరాక చాలామంది మానేసేది ఇదే. ఆ తర్వాత కొన్ని నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా యుగాండా వెళ్లివచ్చిన సంగతి డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఈ మధ్య ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి వారికి డాక్టర్ల బృందం అవసరం లేదట. పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ యంత్రాన్ని బాగుచేసి, ఆ పని అక్కడి కుర్రాడికి నేర్పగల టెక్నీషియన్ ఒకరు, మందుల స్టాకు రిజిస్టరు పద్ధతిగా పెట్టించగల ఫార్మసిస్టు ఒకరు, మార్చిలో వానలు మొదలయ్యేలోగా వస్తే చాలునని రాశారు. నేను సెలవుకు అర్జీ పెట్టాను. టెక్నీషియన్ కోసం సంఘంలో ప్రకటన చేయించాం.