కెల్లీస్ ఐలాండ్: ఒకప్పుడు రాళ్ళు పగలగొట్టిన చోటే ఇప్పుడు ఇంత ప్రశాంతం

ఒహాయోలో మనవాళ్ళెవరైనా వీకెండ్‌కి ఐలాండ్ వెళ్ళొచ్చాం అన్నారంటే అది దాదాపు పుట్-ఇన్-బేనే అయ్యుంటుంది. ఈరీ లేక్‌లో అదే ఫేమస్. బార్లు, మ్యూజిక్, బ్యాచిలర్ పార్టీలు, మధ్యలో 352 అడుగుల పెర్రీ మాన్యుమెంట్. ఆ మాన్యుమెంట్ పైనుంచి వ్యూ బాగుంటుంది, కాదనను, కానీ రెస్ట్ కోసం వెళ్ళే చోటు మాత్రం కాదది. దానికి కాస్త తూర్పున, అదే లేక్‌లో ఇంకో దీవి ఉంది, కెల్లీస్ ఐలాండ్. సైజులో ఇదే పెద్దది, జనం మాత్రం తక్కువ. ఏడాది పొడవునా అక్కడే కాపురం ఉండేవాళ్ళు కొన్ని వందల మందే.

ఈసారి లేబర్ డే (ఇక్కడ సెప్టెంబర్ మొదటి సోమవారం) అయిపోయాక వీక్‌డే లీవ్ పెట్టుకుని అన్నయ్యావాళ్ళతో కలిసి వెళ్ళాం. వెళ్తే ఆ టైమ్‌లోనే వెళ్ళండి, స్కూళ్ళు తెరిచేసుంటాయి కాబట్టి రష్ ఉండదు, నీళ్ళు మాత్రం ఇంకా గోరువెచ్చగానే ఉంటాయి. ఒడ్డున ఉన్న మార్బుల్‌హెడ్ ఊరి నుంచి ఫెర్రీ, ఓ ఇరవై నిమిషాలు. టైమ్ ఉంటే ఎక్కే ముందు అక్కడి లైట్‌హౌస్ చూసేయండి, 1822 నుంచి వెలుగుతూనే ఉంది, గ్రేట్ లేక్స్ (ఈరీతో కలిపి ఐదు పెద్ద సరస్సులు) మొత్తంలో ఆపకుండా నడుస్తున్నవాటిలో అదే పాతది. ఫెర్రీలో కారు కూడా ఎక్కించుకోవచ్చు కానీ నా మాట విని ఒడ్డునే వదిలేయండి. దిగగానే అందరూ గోల్ఫ్ కార్ట్ రెంట్‌కి తీసుకుంటారు, పెద్దవాళ్ళుంటే ఓకే, లేకపోతే సైకిల్ చాలు. దీవి చాలావరకు చదునే, ఒక చివర్నుంచి ఇంకో చివరికి తొక్కినా కాళ్ళు పీకవు, పైగా ట్రైల్స్ లోపలికి కార్ట్‌లు ఎలాగూ రావు.

అందరూ చూసేది గ్లేషియల్ గ్రూవ్స్, అంటే మంచు గీసిన గాళ్ళు. మేమూ ముందు అక్కడికే వెళ్ళాం. చుట్టూ ఫెన్స్, కిందకి చూస్తే బూడిద రంగు సున్నపురాయి, అందులో పొడుగ్గా గాళ్ళు పడి ఉన్నాయి. వదిన ఫెన్స్ మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి "ఏమయ్యా, ఇంత దూరం లాక్కొచ్చింది ఈ రాయి చూపించడానికా?" అంది. మొదటి చూపుకి అలాగే ఉంటుంది మరి, తప్పేం లేదు. మట్టి రోడ్డు మీద బళ్ళు తిరిగి తిరిగి గాడి పడుతుంది కదా, అచ్చం అలాగే ఉంటుంది, కాకపోతే ఇక్కడ తిరిగింది మంచు. దాదాపు 18,000 ఏళ్ళ క్రితం ఈ ప్రాంతమంతా మంచు కింద ఉండేది, ఆ మంచు పలక అడుగున ఇరుక్కున్న రాళ్ళు మెల్లగా జరుగుతూ కింద ఉన్న సున్నపురాయిని గీరేశాయి. మిగిలింది ఇది, సుమారు 400 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, 10 అడుగుల దాకా లోతు. ఆ రాయి ఇంకా పాతది, నలభై కోట్ల ఏళ్ళ నాటిది, అప్పుడిక్కడ వెచ్చటి లోతులేని సముద్రం ఉండేదట. పట్టిపట్టి చూస్తే పగడాల ఫాసిల్స్ కనిపిస్తాయి. ఈ మాట చెప్పాక వదినా, అన్నయ్యా ఫాసిల్ ఎవరికి ముందు కనిపిస్తుందా అని పోటీ పెట్టుకుని ఫెన్స్ వెంబడి ఆ చివరిదాకా వెళ్ళిపోయారు, పిలిచినా రాలేదు.

నాకు మాత్రం అక్కడ తెలిసిన ఇంకో సంగతి మనసులో ఉండిపోయింది. ఇంతకంటే పెద్ద గ్రూవ్స్ ఈ దీవిలో ఉండేవి, సున్నపురాయి క్వారీల్లో పగలగొట్టేశారు. 1830ల్లో డేటస్, ఐరాడ్ కెల్లీ అనే అన్నదమ్ములు ఈ దీవిని కొన్నారు, పేరు వాళ్ళదే, తర్వాత చాలా ఏళ్ళు ఇక్కడ రాయి తీయడం, సున్నం కాల్చడం, పడవల్లో ఎగుమతి చేయడం ఇదే పని. అంటే ఈ నిశ్శబ్దం మొదట్నుంచీ ఉన్నదేం కాదు. ఒకప్పుడు ఇక్కడ పొద్దస్తమానం పేలుళ్ళు, దుమ్ము, క్రషర్ మోత ఉండి ఉంటాయి. రాయి పోయింది, వ్యాపారం పోయింది, ఆ గుంతల్లో చెట్లు లేచాయి.

అందుకే గ్రూవ్స్ కంటే నాకు క్వారీ ట్రైల్సే నచ్చాయి. నార్త్ షోర్ లూప్ ట్రైల్‌లో నడుస్తుంటే చెట్ల మధ్యలో పాత రాతి క్రషర్ శిథిలం కనిపిస్తుంది, గోడలు పగిలి పైనంతా తీగలు పాకేసి. అది దాటి కాస్త ముందుకెళ్తే లేక్ ఒడ్డు, అక్కడ ఇసుక ఉండదు, పరిచినట్టు చదునైన రాతి నేల, అలలూ చలికాలపు మంచూ కలిసి దాన్ని ఎప్పటికప్పుడు కడిగేస్తుంటాయి కాబట్టి పెద్ద చెట్లు నిలవవు, పగుళ్ళలో చిన్న చిన్న మొక్కలే. ఇలాంటి నేలని ఆల్వార్ అంటారు, ప్రపంచంలోనే చాలా తక్కువ చోట్ల ఉంటుంది. ఆ రాతి మీదే పడుకున్నాను నేను, వీపు వెచ్చగా, ఫోన్ బ్యాగులో. ఎంతసేపు అని అడక్కండి.

ఈస్ట్ క్వారీ అయితే ఇంకా పెద్దది, లోపల నీళ్ళు చేరి ఒక చెరువే అయిపోయింది, హార్స్‌షూ లేక్ అంటారు. చుట్టూ నడుస్తుంటే రాతిలో ఫాసిల్స్ కాళ్ళ కిందే కనిపిస్తాయి, చూడ్డమే, తీసుకోకూడదు. పక్షుల పిచ్చి ఉన్నవాళ్ళు నార్త్ పాండ్ బోర్డ్‌వాక్ (చెక్కల బాట) వదలకండి, చివర్లో ఎక్కి చూసే టవర్ ఉంది. మే నెల అయితే వార్బ్లర్లు అనే చిన్న వలస పిట్టలు లేక్ దాటే ముందు ఈ ఒడ్లన్నిట్లో ఆగి రెస్ట్ తీసుకుంటాయి, బైనాక్యులర్ లేకుండా వెళ్ళడం దండగ.

దక్షిణం ఒడ్డున ఇన్‌స్క్రిప్షన్ రాక్ కూడా ఉంది, నేటివ్ అమెరికన్లు చెక్కిన బొమ్మలు, కానీ బాగా అరిగిపోయాయి, పైకప్పు వేసినా ఇప్పుడు కంటికి పెద్దగా ఆనవు. 1850 ప్రాంతంలో సేథ్ ఈస్ట్‌మన్ అనే ఆర్మీ ఆఫీసర్ గీసిపెట్టిన డ్రాయింగ్ వల్లే అక్కడ ఏముండేదో తెలుస్తోంది. ఐదు నిమిషాలు చాలు.

పాముల గురించి చెప్పకపోతే వదిన ఊరుకోదు. ఒడ్డున రాళ్ళ మీద ఎండకి పడుకుని ఉంటాయి, లేక్ ఈరీ వాటర్ స్నేక్, మన నీరుకట్టె లాంటిదే, విషం లేదు. పట్టుకుంటే కరుస్తుంది, కాబట్టి పట్టుకోకండి, అంతే. 1999లో వీటిని ప్రమాదంలో ఉన్న జాతుల లిస్టులో పెట్టారు, 2011లో తీసేశారు, అంత బాగా కోలుకున్నాయి. తమాషా ఏంటంటే బయటి నుంచి ఓడల నీళ్ళతో వచ్చిపడ్డ గోబీ అనే చేప లేక్‌కి పెద్ద తలనొప్పి అయితే ఈ పాములకి అదే పండగ భోజనం అయింది.

బీచ్ స్టేట్ పార్క్‌లో ఉంది, చిన్నదే, ఇసుక బాగుంటుంది, నీళ్ళు చాలా దూరం వరకు మోకాళ్ళ లోతే. కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) వేసేవాళ్ళు మాత్రం గాలి చూసుకోవాలి. గ్రేట్ లేక్స్‌లో ఈరీయే అన్నిటికంటే లోతు తక్కువది, సగటున 62 అడుగులు, లోతు తక్కువ కాబట్టే గాలి లేస్తే అలలు చాలా తొందరగా, దగ్గర దగ్గరగా లేస్తాయి, పొద్దున అద్దంలా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి మారిపోవచ్చు. ఒడ్డు వెంబడే వేసుకోండి, లైఫ్ జాకెట్ తీయొద్దు. ఆగస్టు, సెప్టెంబర్లలో పొలాల ఎరువు నదుల్లోంచి వచ్చి పడి ఆకుపచ్చ ఆల్గీ పడుతుంటుంది, బీచ్ దగ్గర వార్నింగ్ బోర్డ్ ఉంటే నీళ్ళలో దిగకండి, కుక్కని అసలు దింపకండి. జూన్ చివర్లో వెళ్తే మేఫ్లై పురుగులు లైట్ల కింద కుప్పలు పడతాయి, వాటి గుంపులు వెదర్ రాడార్‌లో కూడా కనిపిస్తాయి, కానీ వాటి పిల్లలు పెరిగేది లేక్ అడుగు మట్టిలోనే, అందుకే అవి ఉన్నాయంటే అక్కడ ఆక్సిజన్ బాగున్నట్టు లెక్క, 1950ల్లో అవి దాదాపు మాయమైపోయాయి మరి.

ఒకరోజులో అయిపోతుందా అంటే అవుతుంది, కానీ క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రి ఉంటేనే బెటర్, లేకపోతే చివరి ఫెర్రీ టైమ్ బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. గాలి ఎక్కువైతే ఫెర్రీ ఆపేస్తారు కూడా, తర్వాతి రోజు ఆఫీసులో ముఖ్యమైన మీటింగ్ పెట్టుకోకండి. మేము వచ్చే మే నెలకి పక్షుల కోసం మళ్ళీ బుక్ చేస్తున్నాం, ఈసారి ప్లాన్ మొత్తం వదినదే.