రెండు చుట్లు వెనక్కి

ఆదివారం, రాత్రి పదిన్నర.

మా పికప్ ముక్కు దించుకుని నిలబడటం కొన్న రోజు నుంచీ నాకు కంట్లో నలుసే. పక్కనుంచి చూస్తే ఎవరికో దణ్ణం పెట్టడానికి వంగుతున్నట్టు ఉంటుంది. ఇవాళ ఎలాగైనా ముందు భాగం లేపి బండిని సమంగా నిలబెట్టాలని నిన్న రాత్రే బోల్టులకి తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాను. చీకటిగా ఉండగానే ఇంకో పని కూడా చేశాను. ప్రహరీకి సరిగ్గా 10 మీటర్ల దూరంలో ఖాళీ బండి పెట్టి, డిమ్ లైటు వెలుగు గోడ మీద ఎక్కడ ఆగుతోందో అక్కడ సుద్దముక్కతో గీత గీయించాను. గీసింది మావాడు. ఎందుకని అడగలేదు, గోడ మీద గీయమంటే ఎవడు అడుగుతాడు.

మా బండికి ముందువైపు కాయిల్ స్ప్రింగులు లేవు, రెండు పక్కలా ఛాసిస్ వెంట వెనక్కి వెళ్లే టోర్షన్ బార్లు ఉన్నాయి. చూడ్డానికి ఉత్త ఇనపకడ్డీలు. ఒక కొస చక్రాన్ని మోసే కంట్రోల్ ఆర్మ్‌కి, రెండో కొస ఛాసిస్ దగ్గర చిన్న మీటలాంటి దానికి బిగించి ఉంటాయి. చక్రం పైకి లేస్తే కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది, దిగితే విప్పుకుంటుంది. 1934లో వచ్చిన సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ కారు కూడా ఈ కడ్డీల మీదే నడిచింది, కొత్త వింతేం కాదు. ఆ మీటని కింద నుంచి ఒక బోల్టు నొక్కి పట్టి ఉంటుంది. దాన్ని బిగిస్తే బండి ముందు లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. స్ట్రట్లు, అంటే స్ప్రింగూ షాకబ్జార్బరూ ఒకటిగా కలిసిన కాళ్లు, ఉన్న బండివాళ్లు ఎత్తు పెంచే బిళ్లలు (స్పేసర్లు) కొని, స్ట్రట్లు ఊడదీసి రోజంతా కుస్తీ పట్టాలి. నాకు ఒక పానా చాలు. అలాగే అనుకున్నాను పొద్దున.

ముందు కొలతలు. నేల నుంచి మడ్‌గార్డు అంచుదాకా డ్రైవరు వైపు 81 సెంటీమీటర్లు, రెండో వైపు 82. వెనక రెండు పక్కలా 85.5. అంటే ముక్కు వాలడమే కాకుండా నేను కూర్చునే వైపు ఒక సెంటీమీటరు ఎక్కువ కుంగిందన్నమాట. మావాడు నా పొట్టకేసి చూశాడు, నోటితో ఏమీ అనలేదు.

వెనక చక్రాలకి దిమ్మెలు అడ్డం పెట్టి, జాకీతో ముందు భాగం లేపి, ఛాసిస్ కింద స్టాండులు వేశాను. చక్రాలు వేలాడాలి, అప్పుడే కడ్డీ మీద బరువు తగ్గి బోల్టు తేలిగ్గా తిరుగుతుంది. బరువు మీదుండగా తిప్పితే మర అరిగిపోతుంది. బోల్టు తల పక్కన తెల్ల రంగు చుక్క పెట్టి, వైరు బ్రష్షుతో మరలు గీకితే ఎర్రటి పొడి అంతా మొహం మీద. కళ్లజోడు ఎందుకు పెట్టుకోవాలో ఏటా ఒకసారి ఇలా గుర్తుకొస్తుంది. గ్రీజు పూసి, చుట్టు తర్వాత చుట్టు లెక్కపెట్టాను. మా బండికి ఒక్కో చుట్టుకీ ఆరు మిల్లీమీటర్ల దాకా వస్తోంది. ఒక వైపు తిప్పితే రెండో వైపు కూడా కొంత కదులుతుంది కాబట్టి ఒకేసారి తిప్పేయకుండా మార్చి మార్చి బిగించాను. డ్రైవరు వైపు ఏడు చుట్లు, అటు ఐదు.

జాకీ దించి టేపు పెడితే 88! వెనకకంటే ఎత్తు. ఒక్క క్షణం నా పనితనానికి నేనే మురిసిపోయాను. తర్వాత వెలిగింది. వేలాడుతున్నప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. దించాక టైరు నేలని పట్టుకుని బయటికి జరగదు, బండి అలా కాళ్లు దగ్గర పెట్టుకుని మునివేళ్ల మీద నిలబడినట్టు ఉండిపోతుంది. నాలుగు గజాలు ముందుకీ వెనక్కీ నడిపి, బంపరు మీద నేనూ వాడూ కూర్చుని ఊపితే దిగింది. రెండు పక్కలా 85. ముచ్చటగా ఉంది, నిజం చెప్పాలి. ఓ పది ఫొటోలు తీసుంటాను.

బోల్టు బిగిస్తే కడ్డీ గట్టిపడి బండి కుదుపుతుందని అంటుంటారు. కడ్డీ గట్టిదనం దాని మందం, పొడవు, ఉక్కులో ఉంటుంది, బోల్టులో కాదు. బోల్టు మార్చేది ఎత్తునే. కానీ ఆ ఎత్తు చక్రం కిందకి వేలాడే జాగాలోంచి తీసుకున్నదే, ఊరికే రాలేదు. మధ్యాహ్నం వీధిలో స్పీడ్ బ్రేకరు దిగుతుంటే ముందు నుంచి ‘టక్’ మంది. ఆర్మ్ కిందికి జారి అడ్డు రబ్బరుకి తగులుతోంది. స్టీరింగ్ కూడా మలుపు తిరిగాక తనంతట తాను వెనక్కి రావడానికి బద్ధకిస్తోంది. క్యాస్టర్, అంటే ముందు చక్రం పక్కకి తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గిందన్నమాట. టో, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, కూడా మారే ఉంటుంది, తిన్నగా పోతుంటే స్టీరింగ్ చక్రం కాస్త వంకరగా ఉంటోంది. అలైన్‌మెంటుకి ఎలాగూ తీసుకెళ్లాలి, అది పెద్ద బాధ కాదు.

అసలు బాధ సాయంత్రం మొదలైంది. అరుగు మరమ్మతుకని సిమెంటు బస్తాలు పది వేసుకొచ్చాను, 500 కిలోలు. మసక చీకట్లో ఎదురొచ్చిన ప్రతివాడూ నా మీదకి లైట్లు కొట్టాడు. ఒకాయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఏదో అన్నాడు కూడా, ఆశీర్వచనం మాత్రం కాదు. డిమ్‌లోనే ఉన్నానే!

ఇంటికొచ్చి, బస్తాలు దించకుండా అదే 10 మీటర్ల దగ్గర నిలబెట్టి చూశాం. వెలుగు అంచు నిన్నటి గీతకి జానెడు దాటి, సుమారు 30 సెంటీమీటర్లు పైన పడింది. మావాడు అక్కడ రెండో గీత గీశాడు. డిమ్ లైటు మీటరుకి ఒక సెంటీమీటరో కాస్త పైనో కిందకి వాలి ఉండాలి. మా చక్రాల మధ్య దూరం సుమారు 3 మీటర్లు. పొద్దున నేను ముందు లేపింది 3.5 సెంటీమీటర్లు, అంటే మీటరుకి సెంటీమీటరు పైమాటే. ఖాళీ బండికే ఆ వాలు కాస్తా హరించుకుపోయింది. దానికి బస్తాలు తోడయ్యాయి.

టేపు తీసుకుని వెనక కొలిచాను. 81.

పొద్దున రాసుకున్న కాగితం జేబులోనే ఉంది. ముందు 81, 82. అంటే నేను ఏ పానా పట్టకపోయుంటే, ఈ పది బస్తాలతో ఈ బండి గీత గీసినట్టు సమంగా నిలబడేది! ఇన్నేళ్లూ నేను తిట్టుకున్న ఆ వంపు బరువు కోసం వదిలిన జాగా. ఖాళీ బండిని చూసి వంక పెట్టాను నేను.

“అయితే మొత్తం విప్పేద్దామా నాన్నా?” అన్నాడు.

విప్పబుద్ధి కాలేదు. మా బండి నెలలో చాలా రోజులు ఖాళీగానే తిరుగుతుంది, రోజూ లోడు మోసేదైతే వేరే మాట. బస్తాలు దించి, మళ్లీ దిమ్మెలు, జాకీ, స్టాండులు. టార్చి వాడు పట్టుకున్నాడు, సగంసేపు వెలుగు బోల్టు మీద, సగంసేపు నా కళ్లలో. “ఒరేయ్, కింద పట్టరా” అని ఎన్నిసార్లు అన్నానో. రెండు పక్కలా రెండేసి చుట్లు వెనక్కి తిప్పాను. ముందుకీ వెనక్కీ నడిపి, ఊపి కొలిస్తే 83.8. వెనక కంటే రెండు వేళ్లకి లోపే తక్కువ. వంగినట్టూ లేదు, విర్రవీగినట్టూ లేదు. వీధి చివరి స్పీడ్ బ్రేకరు మీద నాలుగుసార్లు ఎక్కించి దించాను, ‘టక్’ లేదు. లైటు వెలుగు మొదటి గీతకి ఇంకా పైనే ఉంది, స్క్రూ తిప్పి దించాలి. కడ్డీలు నాలుగు రోజులు నడిచాక ఇంకాస్త సర్దుకుంటాయి గనక అప్పుడు మళ్లీ కొలిచి, అలైన్‌మెంటు చేయించి, ఆ తర్వాతే లైట్ల పని.

గోడ మీద ఆ గీతలేమిటని ఆవిడ అడిగింది. అప్పటిదాకా తుడవొద్దన్నాను.