ఐదు డాలర్ల నోటు

"వాళ్ళకేంటండీ, ట్యాక్స్ లేదు, ఇల్లు ఫ్రీ, చదువు ఫ్రీ, మందులు ఫ్రీ." కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్ర రాజధాని రెజీనాలో మనవాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా ఇక్కడి మూలవాసుల గురించి ఈ మాట వినపడుతుంది. నిన్నగాక మొన్న ఫ్లైట్ దిగిన పిల్లలు కూడా నెల తిరక్కుండానే ఇదే అంటున్నారు, ఆ మూలవాసుల్లో ఒక్క క్రీ మనిషితోనైనా కూర్చుని మాట్లాడకుండానే. నాకు ఒళ్ళు మండుతుంది.

నేను క్వాపెల్ లోయలో ఒక చిన్న ఊళ్ళో, వృద్ధాశ్రమంలో కేర్ ఎయిడ్‌గా పని చేస్తున్నాను. మా దగ్గరున్న పెద్దవాళ్ళలో చాలామంది క్రీ, సోటో జాతులవాళ్ళు, మేటీ వాళ్ళు (మూలవాసులూ యూరోపియన్లూ కలిసిన కుటుంబాల నుంచి ఏర్పడ్డ జాతి). వాళ్ళలో ఒకావిడను స్టాఫ్ అంతా కోకుమ్ అంటాం, క్రీ వాళ్ళ అమ్మమ్మ పిలుపు అది. ట్రీటీ డబ్బులు, అంటే భూమి గురించి ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా రావాల్సిన డబ్బులు, ఇచ్చే రోజు మనవరాలు వచ్చి ఆవిడను వీల్‌చైర్‌లో తీసుకెళ్తుంది. అక్కడ ఎర్రకోటు పోలీసు పక్కన నిలబడి ఉంటే, ప్రభుత్వ ఉద్యోగి లిస్టులో పేరు చూసి చేతిలో ఐదు డాలర్ల నోటు పెడతాడు. పెళపెళలాడే నీలం నోటు. కోకుమ్ దాన్ని నాకు చూపించి కళ్ళజోడు డబ్బాలో దాచుకుంది. ఈరోజు దాంతో ఒక కాఫీ, ఒక డోనట్ వస్తాయేమో. 1874లో మనిషికి ఏడాదికి ఐదు అని రాసుకున్నారు, ఇప్పటికీ ఐదే, ఒక్క సెంటు పెంచలేదు.

ఆ ఐదు దేనికి బదులో చూడండి. 1874 సెప్టెంబర్ 15న ఫోర్ట్ క్వాపెల్‌లో నాలుగో ట్రీటీ మీద సంతకాలయ్యాయి. దాదాపు 75,000 చదరపు మైళ్ళు, అంటే దక్షిణ సస్కాచెవాన్‌లో చాలా భాగం, మనం ఇళ్ళు కొంటున్న రెజీనాతో సహా. రిజర్వ్ భూమి, అంటే మూలవాసుల కోసం విడిగా ఉంచిన భూమి, ఎంతంటే ఐదుగురున్న కుటుంబానికి ఒక చదరపు మైలు లెక్క. అప్పటికి నాలుగైదేళ్ళ ముందే హడ్సన్స్ బే అనే బ్రిటిష్ వ్యాపార కంపెనీ, ఈ ప్రాంతమంతా తనదే అన్నట్టు, 3,00,000 పౌండ్లకు కెనడాకు అప్పజెప్పేసింది. చర్చల్లో పాస్క్వా అనే నాయకుడు లేచి కంపెనీ మనిషిని వేలెత్తి చూపించి, ఆ డబ్బు మాకు రావాలి అని అడిగాడు. నేలలో బతుకుతున్నవాళ్ళు ఒకళ్ళు, అమ్ముకున్నవాళ్ళు ఇంకొకళ్ళు. ఆ ట్రీటీ గురించి ఆయన వేసిన బొమ్మల రికార్డు ఇంగ్లండ్ నుంచి 2007లో వెనక్కి వచ్చింది, రెజీనాలోని రాయల్ సస్కాచెవాన్ మ్యూజియంలో ఉంది. మన పిల్లల్ని డైనోసార్ చూపించడానికి ఎలాగూ తీసుకెళ్తాం కదా, ఈసారి దాని గురించి కూడా అడగండి.

సంతకాలయ్యాక ఏం జరిగిందంటే, పదేళ్ళు తిరక్కుండా బైసన్ (అడవి దున్నల) మందలు తుడిచిపెట్టుకుపోయాయి, తిండి లేదు. రిజర్వ్‌లకు కదిలితేనే రేషన్ అన్నారు. సరే, వ్యవసాయం నేర్చుకుని బాగానే పండిస్తుంటే, 1889 నుంచి కొన్నేళ్ళపాటు యంత్రాలు వాడొద్దు, చేతి పనిముట్లతోనే చేసుకోండి అన్నారు, పక్క పొలంలో తెల్ల రైతు మిషన్‌తో కోసుకుంటుంటే వీళ్ళు కొడవళ్ళతో కోశారు. పండిన గింజలు అమ్మాలంటే ప్రభుత్వ ఏజెంట్ పర్మిట్ ఉండాలి. 1885 తర్వాత రిజర్వ్ దాటి బయటికి వెళ్ళాలన్నా ఏజెంట్ రాసిచ్చిన పాస్ కావాలి, దానికి చట్టమంటూ ఏదీ లేకపోయినా. మాది బాపట్ల పక్కన. స్టూవర్టుపురంలో ఎరుకలవాళ్ళను సెటిల్‌మెంట్‌లో పెట్టి, బయటికి వెళ్ళాలంటే అనుమతి అడగమన్న కథ మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తుండేవారు. ఒకే సామ్రాజ్యం, ఇక్కడా అక్కడా.

తర్వాత బడులు. పిల్లల్ని ఇళ్ళనుంచి తీసుకెళ్ళి ప్రభుత్వ డబ్బుతో చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్ళు, దేశమంతా కలిపి 1,50,000 మందికి పైగా పిల్లలు వెళ్ళారు. ఇదే లోయలో తూర్పున కౌవెసెస్ రిజర్వ్‌లో, పాత మారివాల్ స్కూలు దగ్గర 751 గుర్తులేని సమాధులున్నాయని 2021 జూన్‌లో ప్రకటించారు. స్నానం చేయించాక కోకుమ్ జుట్టు నేనే దువ్వుతాను. పల్చటి తెల్ల జుట్టు, అయినా పొడవు. మూడు పాయలు తీసి జడ అల్లుతుంటే, బడిలో దింపిన మొదటి రోజే తన జడ కత్తిరించేశారని ఒకసారి చెప్పింది, గొంతులో ఏ మార్పూ లేకుండా. ఆ తర్వాత వాష్‌రూమ్‌లో ఎవరైనా కత్తెర చప్పుడు చేస్తే ఆవిడ భుజాలు ఎందుకు బిగుసుకుంటాయో నాకు అర్థమైంది. ఇప్పుడు గోళ్ళు తీయాలన్నా ముందు కత్తెర చూపించి, ఎందుకో చెప్పి, ఊ అన్నాకే తీస్తున్నాం.

ఇక ఆ "ఫ్రీ" సంగతి. ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు ప్రధానంగా ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరుండి 'స్టేటస్' ఉన్నవాళ్ళకు, అదీ రిజర్వ్ మీద సంపాదించిన దానికి. రెజీనా ఆఫీసులో పనిచేసే క్రీ అమ్మాయి జీతంలోంచి మన జీతంలో కట్ అయినట్టే కట్ అవుతుంది. మేటీ వాళ్ళకు అదీ లేదు. రిజర్వ్ భూమి పట్టా ప్రభుత్వం పేరు మీద ఉంటుంది కాబట్టి, మనం చేసినట్టు ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తెచ్చుకోవడం వాళ్ళకు అంత తేలిక కాదు. మందులకు వేరే కథ ఉంది, 1876 నాటి ఆరో ట్రీటీలో మందుల పెట్టె ఇస్తామని రాసి సంతకం పెట్టారు. బాకీ తీరిస్తే దాన్ని దానం అంటామా?

పోయిన కథగానే చెప్పి వదిలేయడం కూడా తప్పే. సస్కాచెవాన్ జనాభాలో దాదాపు ఆరుగురిలో ఒకరు ఈ మూలవాసులు. మస్కెగ్ లేక్ క్రీ నేషన్ 1988లోనే సాస్కటూన్ నగరంలో అర్బన్ రిజర్వ్ పెట్టుకుని ఆఫీసు బిల్డింగులు లేపింది. క్రీ, సోటో లాంటి జాతులను ఫస్ట్ నేషన్స్ అంటారు, రెజీనాలో ఫస్ట్ నేషన్స్ యూనివర్సిటీ ఉంది. మా ఆశ్రమంలో నైట్ డ్యూటీ నర్సు సోటో అమ్మాయి, ఇన్సులిన్ డోసుల దగ్గర ఏ టెన్షన్ వచ్చినా నేను ముందు పిలిచేది తననే.

2021 జూన్ నుంచి కెనడా పౌరసత్వ ప్రమాణంలో కూడా ఒక వాక్యం చేరింది: ఫస్ట్ నేషన్స్, ఇన్యుయిట్ (ఉత్తర ధ్రువం వైపు ఉండేవాళ్ళు), మేటీ ప్రజల ఆదివాసీ హక్కుల్నీ, ట్రీటీ హక్కుల్నీ గుర్తించే రాజ్యాంగంతో సహా ఇక్కడి చట్టాలు పాటిస్తామని. మనవాళ్ళందరూ కుడిచెయ్యెత్తి అది చదివి, బయటికొచ్చి ఫోటోలు దిగుతున్నారు. ఏం ఒప్పుకున్నామో తెలియాలంటే సెప్టెంబర్ మధ్యలో ఫోర్ట్ క్వాపెల్‌లో జరిగే ట్రీటీ ఫోర్ గ్యాదరింగ్‌కు పిల్లల్ని తీసుకుని రండి. టీపీలు (వాళ్ళ శంకు ఆకారపు గుడారాలు) వేస్తారు, పావ్‌వావ్ (డోలు పాటలతో నాట్యాల వేడుక) ఉంటుంది, ఎవరైనా రావచ్చు. రెజీనా నుంచి పదో నంబర్ హైవే మీద కారులో గంట కూడా పట్టదు.